చరిత్రను చెవితో చదవడం: గ్రూప్-2కి ఏ ఆడియో పనికొస్తుంది, ఏది పనికిరాదు

"చరిత్ర మొత్తం ఆడియోలు వినేసి పరీక్ష రాసేయొచ్చా సార్?"

శ్రీకాకుళంలో ఏపీ ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్షకి చదివేవాళ్లకు చరిత్ర పాఠాలు చెప్తుంటాను. ఈ ప్రశ్న అడగని బ్యాచ్ లేదు. అడగడంలో తప్పేమీ లేదు. పొద్దున్నే పలాసలో పాసింజర్ ఎక్కి, విజయనగరంలో డ్యూటీ చూసుకుని, చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషికి పుస్తకం తెరిచే టైమ్ ఎక్కడిది? పిల్లల్ని బడికి పంపి, వంటా బట్టలూ అత్తగారి మందులూ చూసుకునే కోడలికి రెండు చేతులూ ఖాళీ అయ్యేసరికి రాత్రి పది దాటుతుంది. వీళ్లందరికీ రోజులో ఖాళీగా ఉండేవి చెవులే. వాటితో చదవాలనుకోవడం తెలివైన ఆలోచన.

నా జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే. చరిత్రలో వింటే ఎక్కే భాగం వేరు, కళ్లతో చూసి చేత్తో రాస్తే తప్ప నిలవని భాగం వేరు. ఈ రెండింటినీ విడదీసుకోకుండా ఏ చానల్ పట్టుకున్నా, ఏ యాప్‌కి డబ్బు కట్టినా సగం శ్రమ వృథా పోతుంది. అందుకే ముందు ఆ తేడా చెప్పి, తర్వాత మన దగ్గర దొరికే ఆడియోల సంగతికి వస్తాను.

పేపర్ ఏం అడుగుతుంది

2023 డిసెంబరులో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్ ప్రకారం స్క్రీనింగ్ టెస్ట్ 150 మార్కులకు. అందులో భారతదేశ చరిత్రకు 30. మెయిన్స్ పేపర్-1లో ఉన్న 150 మార్కుల్లో 75 ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్రకు, మిగతా 75 రాజ్యాంగానికి. తప్పు జవాబు పెడితే మూడో వంతు మార్కు కోత.

ఆ కోతను తేలిగ్గా తీసుకోవద్దు. ఆడియోలు మాత్రమే విన్నవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది అదే. పేరు ఎక్కడో విన్నట్టే ఉంటుంది, ఆ ధైర్యంతో బబుల్ నింపేస్తారు. విన్నట్టు అనిపించడం వేరు, అడిగినప్పుడు నోటికి రావడం వేరు. అసలు వినని అభ్యర్థి ఆ ప్రశ్న వదిలేసి కనీసం కోత తప్పించుకుంటాడు.

ప్రశ్నలు కూడా రకరకాలు. "కింది సంఘటనలను కాలక్రమంలో అమర్చండి", "ప్రతిపాదన, కారణం చూసి సరైనది ఎంచుకోండి" అనేవి ఒక రకం. "జతపరచండి" అనేది ఇంకో రకం. మొదటి రకానికి కథ తెలియాలి. రెండో రకానికి జాబితా తెలియాలి. వింటే కథ నిలుస్తుంది, జాబితా జారిపోతుంది. కొంచెం వివరంగా చూద్దాం.

చెవికి బాగా ఎక్కే పాఠం ఎలా ఉంటుంది

మన ప్రాంతపు పాఠమే తీసుకుందాం. ఉత్తర సర్కారులు, అంటే శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న కోస్తా ప్రాంతం, ఇంగ్లీషువాళ్ల చేతికి ఎలా పోయాయి? పుస్తకంలో ఇది ఒక పట్టికలా కనిపిస్తుంది: 1753, 1757, 1758, 1759, 1765, 1766, 1768, 1788, 1794, 1802. పది సంవత్సరాలు. బట్టీ కొడితే వారానికి సగం పోతాయి. ఇదే పాఠాన్ని మంచి మాస్టారు నోటితో చెప్తే ఎలా ఉంటుందో చూడండి.

హైదరాబాద్ గద్దె మీద సలాబత్ జంగ్‌ను నిలబెట్టింది ఫ్రెంచి సేనాని బుస్సీ. బుస్సీ సైన్యానికి జీతాలు కావాలి, నిజాం ఖజానాలో డబ్బు లేదు. అందుకని 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ సర్కారులను ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. సర్కారులు కాగితం మీద వచ్చినంత మాత్రాన శిస్తు రాదు, అది జమీందార్ల చేతిలో ఉంది. బుస్సీకి బలమైన జమీందారు తోడు కావాలి, విజయనగరం పెద విజయరామరాజు ఆ తోడు ఇచ్చాడు. ఆయనకు బొబ్బిలితో పాత పగ. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విడిదిలో దూరి విజయరామరాజును చంపాడు. తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. 1758లో బుస్సీని ఫ్రెంచి ప్రధాన సేనాని లాలీ దక్షిణానికి పిలిపించుకోగానే విశాఖపట్నంలో ఫ్రెంచివాళ్లను పట్టుకుని, బెంగాల్లో ఉన్న ఇంగ్లీషు కంపెనీ అధికారి క్లైవ్‌కు కబురు పెట్టాడు. క్లైవ్ కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు. ఆ డిసెంబరులోనే చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయాడు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట కూడా పోయింది.

ఇక్కడ ప్రతి సంవత్సరం ముందు సంవత్సరం నుంచి పుట్టింది. జీతాల కోసం సర్కారులు, శిస్తు కోసం జమీందారు, జమీందారు పగ వల్ల బొబ్బిలి, ఆయన హత్య వల్ల కొత్త రాజు, కొత్త రాజు కోపం వల్ల ఇంగ్లీషువాళ్లు. ఈ గొలుసు రెండుసార్లు వింటే చాలు. చందుర్తి ముందా, బొబ్బిలి ముందా అని ఎవరడిగినా తడుముకోరు. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం, 1768లో మచిలీపట్నం సంధి, 1788లో గుంటూరు సర్కారు స్వాధీనం, 1802లో శాశ్వత శిస్తు పద్ధతి అనే మిగతా మెట్లు కూడా ఇదే దారిలో ఎక్కించుకోవచ్చు. ఆధునిక భారత చరిత్ర చాలామటుకు, మన జాతీయోద్యమంలో చీరాల-పేరాల, పెదనందిపాడు, రంప పోరాటం లాంటివన్నీ ఇలా వినదగ్గ పాఠాలే. కారణం నుంచి ఫలితం దాకా సాగే పాఠం ఏదైనా ధైర్యంగా వినండి.

చెవిని ముంచేసేవి

అదే పాఠంలో ఒక ఉచ్చు ఉంది. పైన 1794ను వదిలేశాను. ఆ ఏడాది జులై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయినవాడూ విజయరామరాజే. ఆయన చిన విజయరామరాజు. ఆడియోలో మాస్టారు "విజయరామరాజు" అని పొడిగా చెప్పేస్తే 1757లో చనిపోయినవాడు 1794లో మళ్లీ ఎలా లేచాడని అయోమయపడినవాళ్లను చూశాను. కాగితం మీద పెద, చిన అని పక్కపక్కన రాసుకున్నవాళ్లకు ఈ బాధ లేదు.

వేంగీ చాళుక్యుల దగ్గరకు వస్తే ఇంకా కష్టం. 624లో కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలవుతుంది. విష్ణువర్ధనులే ఐదుగురు, విజయాదిత్యులు ఏడుగురు. ఈ వంశావళిని ఆడియోలో గంటసేపు విన్నా తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. ఒక తెల్లకాగితం మీద గీత గీసి, ముఖ్యమైన నలుగురైదుగురి పేర్లు, వాళ్ల బిరుదులు రాసుకుంటే పావుగంట పని.

శాసనాలూ అంతే. నానాఘాట్ నాగానికది, నాసిక్ గౌతమీ బాలశ్రీది, హాథిగుంఫా ఖారవేలుడిది, జునాగఢ్ రుద్రదామనుడిది. ఇది జతపరచమని అడిగే సరుకు. వినేటప్పుడు అన్నీ తెలిసినట్టే ఉంటాయి. పరీక్షలో నాలుగు ఒకచోట పెట్టి కలిపేస్తే తెలుస్తుంది.

ఇంకో చిక్కు సంవత్సరాలు పలికే తీరులో ఉంది. మన మాస్టార్లలో చాలామంది తెలుగులో పాఠం చెప్తూ ఏళ్లు మాత్రం ఇంగ్లీషులో చెప్తారు. రైలు చప్పుడులో "ఎయిటీన్ థర్టీన్" అన్నారో "ఎయిటీన్ థర్టీ" అన్నారో తెలియదు. వెనకాల "త్రీ" వినబడకపోతే 1833 చార్టర్ చట్టం కాస్తా 1813 అయిపోతుంది. 1833 చట్టం కంపెనీ వ్యాపారాన్నే ఆపేసింది. 1813 చట్టం చైనా వ్యాపారం, తేయాకు మినహా గుత్తాధిపత్యాన్ని తీసేసి, చదువుకు ఏడాదికి లక్ష రూపాయలు పెట్టమంది. బిట్ అడిగేది సరిగ్గా ఆ తేడా మీదే. చట్టాల వరుస ఉన్న చాప్టర్ దేన్నీ కేవలం విని వదిలేయకండి.

దొరికే ఆడియోలు, నా అభిప్రాయం

ఎక్కువమంది వినేవి యూట్యూబ్‌లో ఉచితంగా దొరికే తెలుగు క్లాసులు. ఇవి ఆడియోలు కావు, వీడియోలు. ఫోన్ జేబులో పెట్టుకుని వినాలంటే మూడు ఇబ్బందులు. ఉచిత ఖాతాలో స్క్రీన్ ఆపితే పాఠం ఆగిపోతుంది. మధ్యలో ప్రకటనలు వస్తాయి. డేటా కూడా వీడియోకి తగ్గట్టే ఖర్చవుతుంది. మామూలు నాణ్యతలో గంటకు వందల ఎంబీలు పోతాయి, అదే 64 కేబీపీఎస్ ఆడియో ఫైలైతే గంటకు 29 ఎంబీ చాలు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు సిగ్నల్ వచ్చి పోతుండే ఊళ్లలో ఉండేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

అసలు సమస్య వేరే. బోర్డు మీద రాస్తూ చెప్పే మాస్టారు "ఇక్కడ చూడండి, ఇతను ఇతన్ని ఓడించి ఇది తీసుకున్నాడు" అంటారు. చూస్తున్నవాడికి అర్థమవుతుంది, వింటున్నవాడికి ఒక్క పేరూ దొరకదు. అందుకని ఏ చానలైనా పెట్టుకునే ముందు ఒక పరీక్ష పెట్టండి. మీకు ఇప్పటికే బాగా తెలిసిన పాఠం, ఉదాహరణకు 1857 తిరుగుబాటు, ఆ చానల్లో పెట్టి ఫోన్ బోర్లా తిప్పి పది నిమిషాలు వినండి. పేర్లు పూర్తిగా పలుకుతున్నారా? ఏడాది చెప్పినప్పుడు ఎందుకు జరిగిందో కూడా చెప్తున్నారా? మీకు తెలిసిన విషయాల్లో తప్పులేమైనా దొర్లాయా? పది నిమిషాల్లో ఎంతసేపు పాఠం, ఎంతసేపు కోర్సు అమ్మకం? తెలిసిన పాఠంలోనే రెండు తప్పులు వినబడితే, తెలియని పాఠంలో ఎన్ని మింగేస్తారో ఆలోచించుకోండి. చందాదారులు ఎన్ని లక్షలున్నారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

తెలంగాణ ప్రభుత్వ విద్యా చానల్ టీ-శాట్ పాఠాలు కూడా ఉచితమే, తెలుగులోనే. భారతదేశ చరిత్ర వరకు, శాతవాహనులు, కాకతీయులు లాంటి ఉమ్మడి భాగాల వరకు మనవాళ్లకూ ఉపయోగమే. కానీ అవి తెలంగాణ పరీక్షల కోసం తయారైనవి. తెలంగాణ ఉద్యమ చరిత్ర మన సిలబస్ కాదు, మనకు కావలసిన ఉత్తర సర్కారుల వివరం అక్కడ ఆశించకూడదు. ఏపీ సిలబస్ కాగితం ముందు పెట్టుకుని, ఏ పాఠం అవసరమో దానికి మాత్రమే టిక్ పెట్టుకుని వినండి.

ఇంగ్లీషు తేలిగ్గా అర్థమయ్యేవాళ్లకు 2017లో కేంద్రం ప్రారంభించిన స్వయం అనే ఆన్‌లైన్ చదువుల వేదికలో యూనివర్సిటీ స్థాయి చరిత్ర కోర్సులున్నాయి. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. లోతు బాగుంటుంది. డిగ్రీలోనో పీజీలోనో చరిత్ర చదువుతున్నవాళ్లకు, వ్యాసరూప జవాబులు రాయాల్సినవాళ్లకు ముందు వీటినే చెప్తాను. గ్రూప్-2 బిట్ల కోసం మాత్రం ఇంత లోతుకు దిగితే సిలబస్ పూర్తవదు.

డబ్బు కట్టి కొనే యాప్ కోర్సుల గురించి ఒక్క మాట. కొనే ముందు రెండే రెండు అడగండి: స్క్రీన్ ఆపినా పాఠం నడుస్తుందా, నెట్ లేకుండా వినేలా డౌన్‌లోడ్ అవుతుందా? రెండింటికీ అవునంటేనే మన అవసరానికి పనికొస్తుంది. ఎప్పుడు రికార్డు చేసిన పాఠాలో కూడా కనుక్కోండి. టెలిగ్రామ్ గ్రూపుల్లో చేతులు మారే దొంగ రికార్డింగులు అసలు వద్దు. ఎవరో కష్టపడి చెప్పిన పాఠాన్ని దొంగిలించడం ఒకటి, అవి సగం సగం ఉండటం, పాతబడి ఉండటం ఇంకొకటి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాత రికార్డింగుల్లో ఈ రెండూ ఇంకా శ్రీకాకుళంలోనే ఉంటాయి. ఇక్కడ పుట్టినవాళ్లకు ఆ తప్పు తెలిసిపోతుంది. మనకు తెలియని జిల్లాల గురించి అలాంటి తప్పు వస్తే ఎలా పట్టుకుంటాం?

ఇక ఫోన్ చేత పుస్తకం చదివించుకోవడం. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు గొంతు ఉంది, తెరమీద ఉన్న అక్షరాలను చదివి వినిపిస్తుంది. తెలుగు అకాడమీ పుస్తకాన్నో, స్కూలు సాంఘిక శాస్త్రం పీడీఎఫ్‌నో ఇలా వినాలని చాలామందికి ఉంటుంది. ఇక్కడ ఒక అడ్డంకి ముందే తెలుసుకోవాలి. మన తెలుగు పీడీఎఫ్‌లు చాలా వరకు అచ్చు పనికి వాడే అను అనే పాత రకం ఫాంట్లలో కూర్చినవి, లేదా పేజీలను స్కాన్ చేసినవి. కంటికి చక్కగా కనిపిస్తాయి, ఫోన్ మాత్రం వాటిని చదవలేదు. అను ఫాంట్ అయితే అర్థంపర్థం లేని అక్షరాలు పలుకుతుంది, స్కాన్ అయితే నోరే విప్పదు. పీడీఎఫ్‌లో ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని చూడండి. తెలుగు తెలుగులా కనిపిస్తే ఫోన్ చదవగలదు. లేకపోతే పేజీ ఫొటోను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారుతుంది, కానీ పేర్లు, అంకెలు ఒకసారి సరిచూసుకోక తప్పదు. ఇంత చేసినా ఆ గొంతుకు ఎక్కడ ఆగాలో, ఏ మాట ఒత్తి పలకాలో తెలియదు. కొత్త పాఠం దీంతో నేర్చుకోలేరు. ఇదివరకే చదివిన అధ్యాయాన్ని ఇంకోసారి తిరగేయడానికి ఫర్వాలేదు. చూపు సరిగా లేని అభ్యర్థులకు మాత్రం ఇది ప్రాణాధారం. వాళ్లకు సాయం చేయాలనుకునే మిత్రులు ఇలా పేజీలను అక్షరాలుగా మార్చి, తప్పులు దిద్ది ఇస్తే అంతకంటే మంచి పని ఉండదు.

ఈ మధ్య ఏఐ యాప్‌లకు నోట్స్ ఇస్తే ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు ఆడియో తయారు చేసి ఇస్తున్నాయి. వినడానికి హాయిగా ఉంటుంది. స్థానిక చరిత్ర దగ్గర వీటిని నమ్మకండి. ఊరి పేర్లు తప్పు పలకడం, ఇచ్చిన నోట్స్‌లో లేనిది తగిలించడం జరుగుతుంటాయి. మీ నోట్స్ పక్కన పెట్టుకుని ఒకసారి సరిచూసుకున్న ఆడియోనే మళ్లీ మళ్లీ వినాలి.

అన్నిటికంటే మంచిది మీ సొంత గొంతు

పైవాటిలో ఏది ఎంచుకున్నా, రివిజన్‌కి వచ్చేసరికి నేను గట్టిగా చెప్పేది ఒకటే. మీ నోట్స్ మీరే చదివి ఫోన్లో రికార్డు చేసుకోండి. ఖర్చు లేదు, నెట్ అక్కర్లేదు, ప్రకటనలు రావు. ఇంకా పెద్ద లాభం, రికార్డు చేయాలంటే ముందు ఆ పాఠం మీకు అర్థం కావాలి. అర్థం కాని వాక్యం చదువుతుంటే నాలుక అక్కడే తడబడుతుంది. ఎక్కడ తడబడ్డారో అదే మీరు మళ్లీ చదవాల్సిన చోటు.

పాఠంలా చదివేయకండి, ప్రశ్నలా చదవండి. ప్రశ్న అడిగి, ఐదు సెకన్లు ఆగి, అప్పుడు జవాబు చెప్పండి. రికార్డింగ్ ఇలా ఉండాలి:

"మందస జమీందారీలో పోలీసు కాల్పులకు బలైన రైతు మహిళ ఎవరు?" (మౌనం) "వీర గున్నమ్మ. 1940 ఏప్రిల్ 1. జమీందారీ అడవిలో కట్టెల కోసం మొదలైన గొడవ."

"అంతకు కొద్ది రోజుల ముందు పలాసలో జరిగిన సభ ఏది?" (మౌనం) "అఖిల భారత కిసాన్ సభ. 1940 మార్చి."

"పద్మనాభం యుద్ధంలో చనిపోయింది పెద విజయరామరాజా, చిన విజయరామరాజా?" (మౌనం) "చిన విజయరామరాజు. పదిహేడు వందల తొంభై నాలుగు. పెద విజయరామరాజు చనిపోయింది పదిహేడు వందల యాభై ఏడు, బొబ్బిలి తర్వాత."

ఆ ఐదు సెకన్ల మౌనమే అసలు చదువు. ఆ ఖాళీలో మీ నోటికి జవాబు రావాలి. రైల్లో పైకి అనక్కర్లేదు, లోపల అనుకున్నా చాలు. రాకపోతే ఆ ప్రశ్న నంబరు ఎక్కడైనా రాసుకోండి. ఏళ్లను తెలుగులోనే నిదానంగా చెప్పండి, పైన చెప్పిన థర్టీన్, థర్టీ తికమక ఉండదు. ఒక్కో ఫైలు పది పన్నెండు నిమిషాలు దాటనివ్వకండి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలెక్కి దూసి, పొందూరు దాటేలోపు ఒక ఫైలు పూర్తవాలి. గంట ఫైలు చేస్తే మధ్యలో ఏదో ఫోన్ వస్తుంది, ఎక్కడ ఆపారో మర్చిపోతారు. ఫైలుకు "రికార్డింగ్ 47" అని వదిలేయకుండా "ఉత్తర సర్కారులు 1753–1802" అని పేరు పెట్టుకోండి.

ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిస్తే పని ఇంకా తేలిక. ఒకరు ప్రాచీన చరిత్ర, ఒకరు జాతీయోద్యమం రికార్డు చేసి వాట్సాప్‌లో ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర రూముల్లో ఉండి చదివే అమ్మాయిలు కొందరు ఇలాగే చేశారు. ఒకరి తప్పును ఇంకొకరు పట్టుకోవడంతో వాళ్ల నోట్సే మెరుగుపడింది. ఒకటే జాగ్రత్త. స్నేహితురాలి ఆడియో వినే ముందు ఆ అధ్యాయం పుస్తకంలో ఒకసారి మీరూ చదవాలి.

మీ పరిస్థితికి ఏది

మొదటిసారి చదువుతున్నారా? సైన్సో కామర్సో చదివి చరిత్రకు కొత్తగా వచ్చారా? అయితే ముందు మంచి తెలుగు క్లాసు ఒకటి వినండి, అదే రోజు రాత్రి ఆ అధ్యాయం పుస్తకంలో చదవండి. విన్నాక చదివితే పుస్తకం బరువు సగం తగ్గుతుంది. ఈ వరుస తిప్పొద్దు. కథ తెలియకుండా పుస్తకం మొదలుపెట్టి మూడో పేజీలో వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఒకసారి పరీక్ష రాసి కొద్ది మార్కుల్లో పోయినవాళ్లకు కొత్త లెక్చర్లు అక్కర్లేదు. మీకు కథ వచ్చు, జాబితాలే పోతున్నాయి. పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని, తప్పు పోయిన ప్రతి ప్రశ్ననూ పైన చెప్పినట్టు సొంత గొంతుతో రికార్డు చేసుకోండి. మళ్లీ మొదటి నుంచి వందల గంటల కోర్సు కొనడం మీకు అన్నిటికంటే చెడ్డ ఎంపిక. చదువుతున్నామన్న తృప్తి ఉంటుంది, మార్కు మాత్రం కదలదు.

రోజూ రైల్లోనో బస్సులోనో తిరిగేవాళ్లు వెళ్లేటప్పుడు కొత్త పాఠం, వచ్చేటప్పుడు ప్రశ్నల ఫైలు పెట్టుకోండి. సాయంత్రం అలసిపోయిన బుర్రకు కొత్త పాఠం ఎక్కదు. ఫైళ్లు రాత్రే డౌన్‌లోడ్ చేసుకుంటే దారిలో సిగ్నల్ కోసం చూడనక్కర్లేదు. చప్పుడెక్కువని సౌండ్ పూర్తిగా పెంచేయకుండా చెవిలో బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్ కొనుక్కోండి. బండి నడుపుతూ మాత్రం వినొద్దు. హైవే మీద లారీ హారన్ వినబడాల్సిన చెవులవి.

ఇంటి పని చేసుకుంటూ వినే ఆడవాళ్లకు, పలాస జీడి బట్టీల్లో పని చేస్తూ చదువుకునే పిల్లలకు ఇంకో మాట. చేతులు ఒకే పని చేస్తూ పోయేటప్పుడు చెవి బాగా పని చేస్తుంది. పప్పు ఒలిచేటప్పుడు, అంట్లు తోమేటప్పుడు వినండి. లెక్క చూసుకోవాల్సిన పనిలో, పిల్లలకు హోంవర్క్ చేయించేటప్పుడు వింటే రెండూ చెడతాయి. అరగంట విన్నాక ఆడియో ఆపి, విన్నదాంట్లో ఐదు సంగతులు గోడ మీద వేలాడే క్యాలెండర్ వెనకైనా సరే రాయండి. ఐదు రాలేదా, ఆ అరగంట పాఠం మళ్లీ వినాల్సిందే. మూడుసార్లు విన్నా రాకపోతే అది చెవికి లొంగే పాఠం కాదని తెలిసిపోయినట్టే, దాన్ని సెలవు రోజుకి పుస్తకంతో పెట్టుకోండి.

వేగం సంగతి కూడా చెప్పాలి. మొదటిసారి వినేటప్పుడు మామూలు వేగమే ఉంచండి. రెండోసారికి 1.25, తెలిసిన పాఠమైతే 1.5. రెండింతలు పెట్టి వినడం పేర్లు దండిగా ఉండే చరిత్రకు పనికిరాదు. గంటల లెక్క పెరుగుతుందేమో, ఇంద్రవర్మ, ఇంద్రభట్టారక వర్మ అనే వేర్వేరు రాజులు ఒకడే అయిపోతారు.

వీలైతే సెలవు రోజున విన్న పాఠం దగ్గరకు వెళ్లి రండి. తూర్పు గాంగుల గురించి విన్నాక ముఖలింగం గుడి గోడలు, బౌద్ధం గురించి విన్నాక వంశధార ఒడ్డున శాలిహుండం కొండ, విజయనగరం వైపువాళ్లకైతే రామతీర్థం గురుభక్తుల కొండ. మిగతా జిల్లాల పిల్లలు ఫొటోల్లో చూసేవి మనకు బస్సు దూరంలో ఉన్నాయి. అక్కడ నిలబడి ఒకసారి చూసినదాన్ని ఏ ప్రశ్నపత్రంలోనూ మర్చిపోరు.

పరీక్షకు పది రోజులుండగా కొత్త ఆడియోలన్నీ ఆపేయండి. ఎంత పెద్ద మాస్టారు "లాస్ట్ మినిట్ మారథాన్" పెట్టినా వద్దు. పది గంటల పాఠంలో మీకు తెలియనిది అరగంట ఉంటుంది, దాన్ని వెతుక్కోవడానికి మిగతా తొమ్మిదిన్నర గంటలు కూర్చోవాలి. పైగా మీ పుస్తకంలో ఉన్న తేదీ ఒకటి, అక్కడ చెప్పే తేదీ ఒకటి అయితే ఆఖరి నిమిషంలో టెన్షన్ తప్ప ఏమీ రాదు. ఆ పది రోజులూ పొద్దున జాబితాల కాగితాలు కళ్లతో, మిగతా టైమంతా మీ సొంత ఫైళ్లు చెవులతో. జవాబు తడుముకోకుండా వచ్చేస్తున్న ఫైళ్లను రోజురోజుకీ ఫోన్లోంచి తీసేస్తూ పొండి. చివరి రెండు రోజులకు తడబడే ప్రశ్నలున్న రెండు మూడు ఫైళ్లే మిగలాలి.